నలభై ఫ్రేముల సాక్ష్యం

మృతుడి ముఖం ప్రశాంతంగా ఉంది. చూసినవారెవరైనా నిద్రపోతున్నాడనే అనుకుంటారు. అనుకున్నారు కూడా.

మెడ వరకు తెల్లని దుప్పటి. దానిని తొలగిస్తే పొట్టకు కుడివైపున చొక్కా పైకి మడిచి ఉంది. చర్మం మీద పూసిన స్కానింగ్ జెల్ ఆరిపోయి, పలుచని పొరగా బిగుసుకుంది. పక్కనే అల్ట్రాసౌండ్ యంత్రం ఇంకా పనిచేస్తూ ఉంది. గదిలో దాని ఫ్యాను రొద తప్ప మరో చప్పుడు లేదు.

సమయం మధ్యాహ్నం 1.10.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడి గదిని ఒకసారి ఎడమ నుంచి కుడికి, మరొకసారి కుడి నుంచి ఎడమకు పరిశీలించాడు. డిపార్ట్‌మెంటులో ఆయనను చాటుగా ‘చాదస్తం’ అని పిలుస్తారు. అడిగిన ప్రశ్ననే మూడుసార్లు అడుగుతాడని ఆ పేరు వచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలుసు. అలవాటు మార్చుకునే ఉద్దేశం మాత్రం లేదు.

పోలీసు డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ అన్నాడు. "ఎడమ మోచేతి మడతలో సూది గుర్తుంది. గుండె ఆగింది. ఆగేలా చేశారు అనాలి."

"ఎప్పుడు?"

"పదకొండుంబావుకీ పన్నెండుకీ మధ్య."

"ఇంకాస్త దగ్గరగా చెప్పలేరా?"

"నేను డాక్టర్నండీ. జాతకాలు చెప్పేవాణ్ణి కాదు."

మృతుడు గణాంక శాస్త్రంలో పేరున్న ఆచార్యుడు. వయస్సు అరవై ఎనిమిది. అందరికీ మాస్టారు. ఉద్యోగ విరమణ తరువాత, పెద్దాసుపత్రి మూడో అంతస్తులో ఉన్న ఈ పరిశోధనాలయంలో చేరాడు. ప్రతిధ్వనుల లెక్కనుబట్టి కాలేయం ఆరోగ్యాన్ని చెప్పే పద్ధతి ఇక్కడ తయారవుతున్నది. ఆ లెక్కలు మాస్టారివి. యంత్రం డైరెక్టరుది. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక కమిటీ సమావేశమై, ఆ యంత్రాన్ని అన్ని ఆసుపత్రులకూ పంపవచ్చునో లేదో తేల్చవలసి ఉంది.

లోపలికి ఉన్నది ఒకటే ద్వారం. ద్వారం దగ్గర వాచ్‌మన్, ఒక రిజిస్టరు.

"మాస్టారు పదకొండింటికి వచ్చారు సార్," అన్నాడు వాచ్‌మన్. "పదకొండూ ఎనిమిదికి డైరెక్టరుగారు. ముప్పైఅయిదుకి బయటికొచ్చేశారు. నలభైకి టెక్నీషియనమ్మ వెళ్ళింది. పన్నెండుంబావుకి ఆవిడ కేక."

"మధ్యలో ఎవరూ వెళ్ళలేదా?"

"లేదు సార్."

"ఎవరూ?"

"ఈగను కూడా పేరు రాయించుకునే పంపిస్తాను సార్ నేను."

"నీ గడియారం సరిగ్గా నడుస్తుందా?"

"గోడ గడియారంతో, నా ఫోనుతో మూడూ కలిపి చూసుకోండి. ఎవరి చాదస్తం వాళ్ళది."

స్టేషన్ రైటరు వాంగ్మూలం రాస్తూ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఇన్‌స్పెక్టరు మూడు గడియారాలూ నిజంగానే సరిచూశాడు. అన్నీ ఒకటే సమయం చూపించాయి.

*

డైరెక్టరు పొడగరి. బూడిదరంగు సూటు. మాటలో తొందర లేదు.

"మాస్టారు పోవడం నాకు చేయి విరిగినట్టుంది ఇన్‌స్పెక్టర్."

"ఈ ఉదయం స్కాన్ మీరు తీశారు. రోజూ తీసేది టెక్నీషియను కదా?"

"నిన్న వాళ్ళిద్దరికీ గొడవైంది. ఆ అమ్మాయి మాస్టారి మేనకోడలే లెండి. ఇవాళ కూడా మాటా మాటా పెరుగుతుందని నేనే తీస్తానన్నాను. ఆమె జెల్ డబ్బాల కోసం కింద స్టోరుకి వెళ్ళింది."

"అసలు రోజూ ఆయనకు స్కాన్ దేనికి?"

డైరెక్టరు ఓపికగా వివరించాడు. కాలేయంలో కంటికి కనిపించని కణసమూహాలు లక్షలు. లోపలికి శబ్దాన్ని పంపితే ఒక్కొక్కటీ ఒక చిన్న ప్రతిధ్వనిని తిప్పి పంపుతుంది. అవన్నీ కలగలిసి తెర మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. ఏ ఒక్క రేణువుకూ అర్థం లేదు. కాని వాటిలో మెరిసేవి ఎన్ని, మసకవి ఎన్ని అని లెక్కిస్తే ఒక రేఖ వస్తుంది. ఆ రేఖ ఆకారాన్ని ఒక సంఖ్యగా చెప్పవచ్చు. కాలేయంలో కొవ్వు పేరుకున్నా, మచ్చ కట్టినా ఆ సంఖ్య మారుతుంది.

"యంత్రం ఈరోజు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, తెలిసిన కాలేయం ఒకటి కావాలి. మూడేళ్ళుగా అది మాస్టారిదే. పది సెకన్లలో నలభై ఫ్రేములు, అంటే నలభై బొమ్మలు తీస్తాం. ఒక్కో ఫ్రేముకి ఒక్కో సంఖ్య. వాటి సగటు, వాటి మధ్య తేడా రాసుకుంటాం. ఇదిగో ఇవాల్టిది."

ప్రింటు మీద సమయం 11.31. సగటు 0.86. తేడా 0.004.

"0.86 అంటే మాస్టారే. వేలిముద్ర లాంటిది. తేడా చూశారా? మూడేళ్ళలో ఇంత చక్కని కొలత ఎప్పుడూ రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"చేతి నైపుణ్యం," అని డైరెక్టరు చిన్నగా నవ్వాడు. "నేను స్కాన్ తీసేటప్పుడు ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. నేను వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకున్నారు. స్కాన్ అయ్యాక అరగంట పడుకోవడం ఆయనకు అలవాటు. తర్వాత ఎవరు వెళ్ళారో మీకే తెలుసు."

తెలుసు. అంతేకాదు, ఆమె తెల్లకోటు జేబులో ఖాళీ సిరంజి కూడా దొరికింది.

*

మేనకోడలికి ముప్పై ఏళ్ళుంటాయి. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, నేలవైపు చూస్తూ కూర్చుంది.

"ముప్పైఅయిదు నిమిషాలు శవంతో ఒకే గదిలో ఉన్నారా?"

"ఒకే గది కాదు సార్. మధ్యలో అద్దం ఉంది. నేను కంప్యూటరు వైపున్నాను."

"అద్దంలోంచి చూశారా?"

"చూశాను. పడుకున్నారు. ఆ అరగంటలో లేపితే మామయ్య ఊరుకోరు."

"ఊపిరి తీసుకుంటున్నారా?"

ఆమె తల ఎత్తింది. "రోజూ చూసే మనిషి ఊపిరి తీసుకుంటున్నాడో లేదో ఎవరు చూస్తారు సార్?"

"నిన్నటి గొడవ?"

"పొట్ట మీద ఆనించే ప్రోబ్ వంకరగా పట్టుకున్నానని తిట్టారు. ‘నీ చేతిలో పెడితే కాలేయం కూడా దోసకాయలా కనిపిస్తుందే’ అన్నారు. అందరి ముందూ. ‘ఇంకో బానిసను చూసుకోండి మామయ్యా’ అని తలుపు విసిరికొట్టి వచ్చేశాను."

"సిరంజి?"

"కోటు బయట వరండాలో కొక్కేనికి వేలాడుతుంటుంది. వచ్చేపోయే ప్రతివాళ్ళ భుజం దానికి తగులుతుంది. నాకు తెలీదు సార్."

"తెలీదా?"

"తెలీదు."

"నిజంగానే తెలీదా?"

"మీరు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ తెలీదనే చెప్తాను. తెలిస్తే కదా మాట మార్చడానికి!"

వరండాలో రెండు బెంచీలున్నాయి. ఒకదాని మీద మేనకోడలిని కూర్చోబెట్టి పక్కన ఒక మహిళా కానిస్టేబులును నిలబెట్టారు. రెండో బెంచీ మీద ఆమె తల్లి కూర్చుంది. ఆమె మాస్టారి స్వంత చెల్లెలు. 2.20కి వచ్చింది. అన్నగారి శవాన్ని చూసింది. కూతురి వైపు మాత్రం చూడలేదు.

"దానికి కోపం ఎక్కువ," అంది ఇన్‌స్పెక్టరుతో, గొంతు తగ్గించి. "చిన్నప్పుడు ఒకసారి అలిగి మా అన్నయ్య కళ్ళజోడు నేలకేసి కొట్టింది. అయినా దాన్ని వెనకేసుకొచ్చింది ఆయనే. ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే."

"మీ అమ్మాయి ఈ పని చేసి ఉంటుందనుకుంటున్నారా?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నన్ను అలా అడక్కండి బాబూ. నేను కన్నతల్లిని."

అది ‘చేయలేదు’ అని చెప్పడం కాదు. రైటరు కలం ఒక క్షణం ఆగింది.

3.05కి సూపరింటెండెంటు ఫోను చేశాడు. "సిరంజి దొరికింది. గొడవకు సాక్షులున్నారు. ఆఖరున ఉన్నది ఆమె ఒక్కతే. ఇంకేం కావాలయ్యా నీకు? కింద విలేఖరులు గేటు విరగ్గొట్టేలా ఉన్నారు. ఐదింటికల్లా అరెస్టు చూపించు."

"అలాగే సర్. అయితే నాకొక చిన్న సందేహం ఉంది."

"నీకు సందేహం లేని రోజు ఎప్పుడుందిలే. ఐదింటికి!"

*

రెండో అంతస్తులోని సిగ్నల్ ఇంజనీరును అందరూ ‘గ్రాఫు’ అంటారు. ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఇరవైమందికి పాఠం చెబుతూ ఉన్నాడు. అతనిని అనుమానించే అవకాశమే లేదు. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు వాచి ఉన్నాయి.

"మాస్టారు కమిటీ ముందు ఏం చెప్పబోతున్నారో మీకు తెలుసా?"

గ్రాఫు తలుపు వైపు చూసి, లేచి దానిని మూశాడు. "ఆపమని చెప్పబోతున్నారు సార్. యంత్రం ఆరోగ్యంగా ఉందని చెప్పిన కాలేయాల్లో పదకొండు మచ్చ కట్టినవి. డైరెక్టరుగారు ఆ పదకొండు కేసుల్నీ లెక్కలోంచి తీసేశారు. మాస్టారు నెల క్రితం అది పట్టుకున్నారు. ‘ఆ పదకొండు మందికీ పేర్లున్నాయి రా’ అనేవారు."

"డైరెక్టరుగారికి ఈ సంగతి తెలుసా?"

"నిన్న సాయంత్రం మాస్టారే వెళ్ళి చెప్పారు. వెనక నుంచి పొడవడం ఆయనకి చేతకాదు సార్."

ఇన్‌స్పెక్టరు ఉదయపు ప్రింటును బల్ల మీద పెట్టాడు. "తేడా 0.004. మామూలుగా ఎంత ఉంటుంది?"

"0.03. 0.04. మూడేళ్ళలో 0.025 కంటే తగ్గలేదు. ఇవాళ భలే స్థిరంగా వచ్చిందని నేనూ అనుకున్నాను."

"నాకు మీ లెక్కలు తెలియవు. నా వృత్తి మాత్రం తెలుసు. నలభైమంది సాక్షులను విడివిడిగా విచారిస్తే నలభై రకాలుగా చెబుతారు. ఒకరు గళ్ళచొక్కా అంటారు, ఒకరు చారల చొక్కా అంటారు. అది సహజం. నలభైమందీ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబితే నేను సంతోషించను. భయపడతాను."

గ్రాఫు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"బొమ్మలు కాదు సార్. అసలు ప్రతిధ్వనులు ఉంటాయి," అన్నాడు మెల్లగా. "ముడి ఫైలు. డైరెక్టరుగారు ఎప్పుడూ తెరవరు. ఆయనకు తెర మీద బొమ్మ, కింద సంఖ్య, అంతే."

3.40కి ఇద్దరూ స్కానింగ్ గదిలో ఉన్నారు. శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. దిండు మీద తల ఆనిన పల్లం అలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, చొక్కా పైకి మడిచి, అదే మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. జెల్ చల్లగా తగిలింది.

"ఊపిరి బిగపట్టండి సార్. పది సెకన్లు."

"ఇంకోసారి."

"మళ్ళీ బిగపట్టండి."

"ఇంకోసారి తియ్యండి."

తరువాత గ్రాఫు బీరువాలోంచి ఒక జెల్లీ దిమ్మను తీశాడు. కొత్తగా చేరినవారికి పని నేర్పడానికి వాడే దిమ్మ అది. దాని మీద కూడా నలభై ఫ్రేములు తీశాడు. ఆపైన ఉదయపు ముడి ఫైలును తెరిచాడు. చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

"సార్," అన్నాడు. తెరను ఇన్‌స్పెక్టరు వైపు తిప్పాడు.

*

4.35. సమావేశపు గది. డైరెక్టరు, మేనకోడలు, ఆమె తల్లి, గ్రాఫు, వాచ్‌మన్. మూలన రైటరు.

"డైరెక్టరుగారూ. పదకొండూ ముప్పైఒకటికి మాస్టారు బతికే ఉన్నారా?"

"ఉన్నారు."

"బతికే ఉన్నారా?"

"ఉన్నారని చెప్పాను కదా! నాతో మాట్లాడుతున్నారు."

"నలభై ఫ్రేములు తీసినంతసేపూ బతికే ఉన్నారా?"

"ఎన్నిసార్లు అడుగుతారండీ? ఉన్నారు, ఉన్నారు, ఉన్నారు."

"రాసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరు రైటరుతో. "మూడూ రాయి."

ఆయన ప్రింటును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఈ కేసులో అన్నిటికంటే మంచి సాక్ష్యం ఇదేనని అందరమూ అనుకున్నాం. అది మరీ మంచిగా ఉంది. బతికున్న మనిషి కాలేయం ఊరుకోదు. ఊపిరితో జరుగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపల నలుగుతుంది. అందుకే నలభై ఫ్రేములు నలభై రకాలుగా ఉంటాయి. మాస్టారి విషయంలో మూడేళ్ళుగా 0.025కి తక్కువ రాలేదు. ఇవాళ 0.004."

"ఊపిరి బిగపట్టారు," అన్నాడు డైరెక్టరు. "నేనే బిగపట్టమన్నాను."

"మాట్లాడుతూ బిగపట్టారా?"

డైరెక్టరు ప్రింటు మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

"సరే, బిగపట్టారనే అనుకుందాం. నేనూ బిగపట్టాను. మూడుసార్లు. 0.019 కంటే దిగలేదు. ఊపిరిని ఆపగలను. గుండెను ఆపుకోలేను కదా."

"అయితే యంత్రం మొండికేసి ఉంటుంది. ఒకే ఫ్రేమును నలభైసార్లు రాసి ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు గ్రాఫు వైపు చూశాడు. గ్రాఫు లేచాడు.

"అలా అయితే తేడా సున్నా రావాలి సార్. సున్నా కాదు. పైగా ఫ్రేములు జరిగాయి. మొత్తం బొమ్మ, వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. ఆ జరుగుడు సరిచేసి ఒకదాని మీద ఒకటి పెడితే రేణువుకి రేణువు అతికిపోతోంది. నలభై ఫ్రేముల్లోనూ. లోపల ఏదీ నలగలేదు. ఏదీ."

"అంటే?" అంది మాస్టారి చెల్లెలు. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగాడు.

"అంటే, అమ్మా, ఈ రికార్డులో కదులుతున్నది ఒకే ఒక్క ప్రాణి. ప్రోబ్ పట్టుకున్న చేయి. అది వణికింది. దాని కింద కాలేయం కదల్లేదు."

వాచ్‌మన్ తెలియకుండానే డైరెక్టరు కుర్చీకి దూరంగా ఒక అడుగు జరిగాడు.

"దిమ్మ!" అన్నాడు డైరెక్టరు హఠాత్తుగా. "నిజమే. ఇప్పుడు గుర్తొస్తోంది. మాస్టారు అలసిపోయారని ఇవాళ జెల్లీ దిమ్మ మీద తీశాను. దిమ్మ కదలదు కదా!"

"దిమ్మ సంఖ్య ఎంత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"1.00," అన్నాడు గ్రాఫు. "ఎప్పుడు తీసినా."

"ఇది 0.86. వేలిముద్ర లాంటిదని మీరే అన్నారు డైరెక్టరుగారూ. మాస్టారి కాలేయమేనని సగటు చెబుతోంది. అందులో ప్రాణం లేదని తేడా చెబుతోంది. బొమ్మ తీసేశాను, సంఖ్య వచ్చింది, మనిషి బతికున్నాడని రుజువైంది అనుకున్నారు. ఆ సమయానికి గదిలో ఉన్నది మీరిద్దరే. మీలో ఒకరు చనిపోయి ఉన్నారు."

గోడ గడియారం 4.52 చూపిస్తోంది.

డైరెక్టరు తన కుడిచేతిని బల్ల మీద పెట్టుకుని దానినే చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు. అదే నింపాది గొంతు.

"బొమ్మ స్పష్టంగా రావడానికి కాంట్రాస్టు మందు ఇస్తానన్నాను. కొత్తగా ప్రయత్నిద్దాం అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. చేయి చాచాడు."

"సిరంజి?"

"బయటికొస్తుంటే కోటు కనిపించింది."

"రాసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి ఒక్కసారే అన్నాడు.

*

డైరెక్టరును వెనక మెట్ల మీదుగా తీసుకెళ్ళారు. వరండాలో మళ్ళీ బెంచీ మీద కూర్చున్న మేనకోడలి పక్కనుంచి మహిళా కానిస్టేబులు తప్పుకుంది. మేనకోడలు మాత్రం కదలలేదు. ఎవరో వచ్చి వెళ్ళమంటారని ఎదురుచూస్తున్నట్టుగా అక్కడే కూర్చుంది.

"మీరు వెళ్ళవచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సార్, ఒక్కటి అడగనా?"

"అడగండి."

"నలభైకి నేను లోపలికి వెళ్ళాను. కాఫీ తాగాను. రెండు ఫోన్లు చేశాను. అద్దం అవతల మామయ్య... నేను అప్పుడే తలుపు తీసి ఉంటే? ఒక్కసారి పిలిచి ఉంటే?"

ఇన్‌స్పెక్టరుకు ఓదార్చడం చేతకాదు. ఆయనకు సమయాలు చెప్పడం వచ్చు.

"ముప్పైఒకటికి స్కాన్. అప్పటికే ఏ కదలికా లేదు. మీరు వచ్చింది నలభైకి. అంటే కనీసం తొమ్మిది నిమిషాల ముందే అంతా అయిపోయింది. మీరు తలుపు తీసినా, పిలిచినా, ఏమీ మారేది కాదు. ఇది జాలిపడి చెబుతున్న మాట కాదు. కొలిచి చెబుతున్నాను."

"తొమ్మిది నిమిషాలు," అంది ఆమె.

"కనీసం."

ఆమె తల ఊపింది. అప్పుడు ఏడ్చింది. మధ్యాహ్నం నుంచి అదే మొదటిసారి. ముఖం దాచుకోలేదు. చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

తల్లి రెండో బెంచీ మీద నుంచి లేచి వచ్చింది. పక్కన కూర్చుంది. కూతురి భుజం మీద వేయబోయిన చేయి సగంలోనే ఆగిపోయింది.

"అమ్మలూ," అంది. "ఇంటికి పోదాం రావే."

కూతురు కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడింది. చెప్పులు సరిచేసుకుంది. తల్లిని ఒక్కమాట అనలేదు. ఆమె కోసం ఆగలేదు కూడా. మెట్ల వైపు నడిచింది. తల్లి నాలుగు అడుగులు వెనకగా, ఆ దూరం తగ్గించే ధైర్యం లేక, అనుసరించి దిగిపోయింది.